లెక్కకు దారి చూపిన భాస్కరాచార్యుడు

కర్ఖేలి స్టేషనులో నాందేడ్ వైపు పోయే బండి ఎక్కితే ఉమ్రి, ముద్‌ఖేడ్, నాందేడ్, పర్భణీ, జాల్నా దాటి మన్మాడ్ చేరుకుంటాము. అక్కడ బండి మారి భుసావళ్ దారిన కొంతదూరం పోతే చాళీస్‌గావ్ వస్తుంది. ఆ ఊరికి దగ్గరలో, సహ్యాద్రి కొండల పాదాన, పాటణ్ అనే పాత గ్రామం ఉంది. ఎనిమిది వందల ఏళ్ళ క్రితం ఆ ఊళ్ళో ఒక పాఠశాల నడిచింది. ఒకే ఒక్క పండితుని గ్రంథాలు పిల్లలకు నేర్పడానికే దానిని స్థాపించారు. ఆ పండితుడే భాస్కరాచార్యుడు. ప్రాచీన భారతదేశపు గణిత శాస్త్రజ్ఞులలో ఆయన అగ్రగణ్యుడు.

భాస్కరాచార్యుడు శక సంవత్సరం 1036లో, అంటే క్రీ.శ. 1114లో జన్మించాడు. ఈ సంగతి ఇతరులు ఊహించి చెప్పినది కాదు. తన పుట్టిన సంవత్సరాన్ని, గ్రంథం రాసేనాటి తన వయస్సును ఆయనే తన గ్రంథంలో పొందుపరిచాడు. మన పూర్వపు కవులలో, పండితులలో చాలామంది ఏ కాలంవారో తేల్చలేక చరిత్రకారులు ఎంతగా తికమక పడుతుంటారో మీరు పై తరగతులలో చదువుకుంటారు. లెక్కల మనిషి కనుక భాస్కరుడు ఆ ఇబ్బంది మనకు ఉంచలేదు. తన ఊరు సహ్యాద్రి దగ్గరి విజ్జలవిడ అని కూడా చెప్పుకున్నాడు. గోత్రం శాండిల్యం. తండ్రి మహేశ్వరుడు గొప్ప జ్యోతిష పండితుడు. భాస్కరునికి తండ్రే గురువు. ఆ వంశంలో తరతరాలుగా విద్య నిలిచి ఉంది. పూర్వీకులలో ఒకరు భోజరాజు చేత విద్యాపతి అనే బిరుదు పొందినట్లు శాసనం చెబుతున్నది.

ఆ రోజుల్లో జ్యోతిషం అంటే జాతకాలు చెప్పడం మాత్రమే కాదు. గ్రహణం ఎప్పుడు పడుతుంది, తిథి ఎప్పుడు మారుతుంది, సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడు అనే వాటిని లెక్క కట్టి చెప్పాలి. రైతుకూ, రాజుకూ పంచాంగం కావాలి. చెప్పిన ఘడియకు గ్రహణం పట్టకపోతే పండితుని పరువు పోతుంది. అందువల్ల గణితం ఆ ఇంట్లో పిల్లలకు ఆటగా గాక జీవనాధారంగా నేర్పబడింది.

ముప్పై ఆరవ యేట, అంటే 1150లో, భాస్కరుడు సిద్ధాంత శిరోమణి అనే మహాగ్రంథాన్ని పూర్తిచేశాడు. ఇందులో నాలుగు భాగాలు ఉన్నాయి. మొదటిది లీలావతి; ఇది అంకగణితం, క్షేత్రగణితం. రెండవది బీజగణితం. మూడవది గ్రహగణితం, నాలుగవది గోలాధ్యాయం. చివరి రెండింటిలో ఖగోళ శాస్త్రం ఉంది. అరవై తొమ్మిదవ యేట, 1183లో, పంచాంగ గణనను సులభం చేయడానికి కరణ కుతూహలం అనే మరొక గ్రంథం రచించాడు. తనకు ముందున్న బ్రహ్మగుప్తుడు, శ్రీధరుడు, పద్మనాభుడు రాసిన బీజగణితాలు మరీ విస్తారంగా ఉన్నాయనీ, వాటి సారాన్ని తాను క్లుప్తంగా చెబుతున్నాననీ ఒప్పుకున్నాడు. పెద్దల ఋణాన్ని దాచుకోలేదు.

వీటన్నిటిలో లీలావతికి వచ్చినంత పేరు మరి దేనికీ రాలేదు. అది ఎంతో పెద్ద పుస్తకం కాదు. కాని దానిని చేతిలోకి తీసుకున్నవాడు ఒక సంగతి వెంటనే గమనిస్తాడు. రాసినవాడు పండితుల సభను ఉద్దేశించి రాయలేదు. ఎదురుగా ఒక పిల్లనో, స్నేహితునో, వర్తకునో కూర్చోబెట్టుకొని లెక్క అడుగుతున్నట్లు రాశాడు. తేనెటీగలు, తామరలు, హంసలు, నెమళ్ళు, కోతులు, బాటసారులు, వడ్డీ వ్యాపారులు ఆ పుస్తకం నిండా కనబడతారు.

ఈ పుస్తకానికి ఆ పేరు ఎలా వచ్చిందన్న దానికి ఒక కథ ఉంది. లీలావతి భాస్కరుని కుమార్తె. ఆమెకు వివాహయోగం లేదని జాతకం చెప్పింది. ఒకే ఒక్క శుభ ఘడియలో పెళ్ళి జరిగితే ఆ దోషం పోతుంది. తండ్రి నీటి గడియారం ఏర్పాటు చేశాడు. అడుగున చిన్న రంధ్రం ఉన్న గిన్నెను నీటిపై ఉంచితే, అది నిండి మునిగినప్పుడు ముహూర్తం వచ్చినట్లు. పెళ్ళికూతురు కుతూహలంతో ఆ గిన్నెలోకి వంగి చూసింది. ఆమె నగలోని ముత్యం ఒకటి జారి రంధ్రానికి అడ్డం పడింది. గిన్నె మునగలేదు, ఘడియ దాటిపోయింది. దుఃఖంలో ఉన్న కుమార్తెను ఓదార్చడానికి, ఆమె పేరు శాశ్వతంగా నిలవాలని, తండ్రి ఆ పుస్తకం రాశాడట. 1587లో అక్బరు చక్రవర్తి ఆజ్ఞపై ఫైజీ లీలావతిని పారశీక భాషలోకి అనువదించాడు. ఆ అనువాదపు పీఠికలో ఉన్న కథ ఇది. పాటణ్ శాసనంలో ఆ వంశంలోని పురుషుల పేర్లు వరుసగా ఉన్నాయి గాని లీలావతి పేరు లేదు. కనుక దీనిని చరిత్ర అనడానికి వీలులేదు. ఆడపిల్లకు లెక్కలు ఎందుకు అనుకునే కాలంలో కూడా, ఆడపిల్లను సంబోధించి లెక్కలు అడిగిన పుస్తకం ఒకటి దేశమంతటా చదువుకున్నారు అన్నది మాత్రం నిజం.

లీలావతిలో సూత్రాలు ఎన్నో ఉన్నా, భాస్కరుడు పిల్లలకు ఇచ్చిన అసలు వరం వేరు. దారి తెలియని లెక్క ఎదురైనప్పుడు ఎక్కడ పట్టుకోవాలో ఆయన నేర్పాడు. మన జిల్లాలో బిలోలీ తాలూకా శంకర్‌నగర్‌లో జవాహర్ నవోదయ విద్యాలయం ఉంది. దానిలో చేరడానికి ఐదవ తరగతి పిల్లలు ప్రవేశ పరీక్ష రాస్తారు. రెండు గంటల్లో 80 ప్రశ్నలు. వాటిలో 20 లెక్కలు. ఒక్కొక్క ప్రశ్నకు దక్కేది సగటున నిమిషంన్నర. ప్రతి ప్రశ్న కింద నాలుగు జవాబులు ఉంటాయి, వాటిలో సరైనది గుర్తించాలి. కర్ఖేలి వంటి చిన్న ఊరి నుండి వెళ్ళి, తెలుగులో చదువుకున్న పిల్లవాడు కొత్త బల్లమీద కూర్చొని ఆ కాగితం తెరిచినప్పుడు గుండె దడదడలాడడం సహజమే. ఆ గదిలో గురువు పక్కన ఉండడు. పుస్తకం ఉండదు. అలాంటప్పుడు భాస్కరుని పద్ధతులు ఎలా అక్కరకు వస్తాయో రెండు మూడు చూద్దాం.

మొదటిది వ్యస్త విధి, అంటే వెనుక నుండి నడవడం. లీలావతిలో ఇలాంటి లెక్క ఉంది. ఒక సంఖ్యను 3తో హెచ్చించి, వచ్చిన దానికి దానిలో నాలుగింట మూడు వంతులు కలిపి, 7తో భాగించి, వచ్చిన దానిలో మూడవ వంతు తీసివేసి, మిగిలిన దానిని వర్గం చేసి, 52 తీసివేసి, వర్గమూలం కట్టి, 8 కలిపి, 10తో భాగిస్తే 2 వచ్చింది. ఆ సంఖ్య ఏది? చదవగానే కళ్ళు తిరుగుతాయి. కాని చివర వచ్చిన 2ను పట్టుకొని వచ్చిన దారినే వెనక్కు నడవండి. భాగించిన చోట హెచ్చించండి, కలిపిన చోట తీసివేయండి, వర్గం ఉన్న చోట మూలం కట్టండి. 2ను 10తో హెచ్చిస్తే 20. 8 తీసివేస్తే 12. దాని వర్గం 144. 52 కలిపితే 196. వర్గమూలం 14. మూడవ వంతు పోగా మిగిలినది 14 అంటే అది మూడింట రెండు వంతులు. కనుక మొత్తం 21. దీనిని 7తో హెచ్చిస్తే 147. ఒక మొత్తానికి దాని నాలుగింట మూడు వంతులు కలిపితే 147 అయింది. అంటే నాలుగింట ఏడు వంతులు 147, మొత్తం 84. మూడుతో భాగిస్తే 28. సమాధానం అదే. ఇక్కడ జాగ్రత్త పడవలసిన చోటు ఒక్కటే. మూడవ వంతు తీసివేశారు కదా అని 14కు 14లో మూడవ వంతు కలిపితే లెక్క తప్పుతుంది. భిన్నం ఏ సంఖ్యది అన్నది మరువరాదు. తొందరలో పిల్లలు ఎక్కువగా తప్పేది ఈ మెట్టు దగ్గరే.

రెండవది ఇష్టకర్మ. తెలియని సంఖ్యకు మనకు నచ్చిన సంఖ్య ఒకటి అనుకొని లెక్క నడిపించడం ఇది. ఒకడు తామరపువ్వుల రాశిలో మూడవ వంతు శివునికి, ఐదవ వంతు విష్ణువునకు, ఆరవ వంతు సూర్యునికి, నాలుగవ వంతు దేవికి సమర్పించగా, మిగిలిన ఆరు పువ్వులతో గురువును పూజించాడు. మొత్తం పువ్వులెన్ని? 3, 5, 6, 4 అన్నిటితోనూ భాగింపబడే 60ని అనుకుందాం. 20, 12, 10, 15 పోతాయి, అంటే 57. మిగిలినవి 3. కాని మిగలవలసినవి 6, రెట్టింపు. కాబట్టి పువ్వులు కూడా 60కి రెట్టింపు, అంటే 120. భిన్నాలతో కుస్తీ పట్టనక్కరలేకపోయింది.

అయితే ఇష్టకర్మను ఎక్కడబడితే అక్కడ వాడరాదు. ఒక సంఖ్య రెట్టింపుకు 6 కలిపితే 20 అయింది, ఆ సంఖ్య ఏది అంటే, 5 అనుకొని చూస్తే 16 వస్తుంది. 16కు 20 ఎంతో 5కు జవాబు అంత అనుకుంటే పూర్తిగా తప్పు. నడుమ కలిపిన 6 అనుకున్న సంఖ్యతో పాటు పెరగదు, తరగదు. ఇక్కడ వ్యస్త విధే దారి: 20లో 6 పోతే 14, సగం 7. పువ్వుల లెక్కలో అన్నీ వంతులే కనుక ఇష్టకర్మ నడిచింది. ఏ పనిముట్టు ఎక్కడ వాడాలో తెలియడం పనిముట్టు ఉండడం కంటే ముఖ్యమని వడ్రంగికి చెప్పనక్కరలేదు.

నాలుగు జవాబులు ఇచ్చిన పరీక్షలో ఇష్టకర్మ మరింత తేలిక, ఎందుకంటే అనుకోవలసిన సంఖ్యలను పరీక్ష పెట్టినవారే ఇచ్చారు. తేనెటీగల లెక్క చూడండి. ఒక గుంపులో ఐదవ వంతు కడిమి పువ్వు మీద, మూడవ వంతు మరొక పువ్వు మీద వాలాయి. ఈ రెండింటి తేడాకు మూడు రెట్లు కొండమల్లె మీదికి పోయాయి. ఒక్క ఈగ మిగిలి గాలిలో తిరుగుతున్నది. 12, 15, 20, 30 అని జవాబులు ఇచ్చారనుకోండి. 12లో ఐదవ వంతు సరిగా రాదు, ఈగను ముక్కలు చేయలేము, దానిని కొట్టివేయవచ్చు. 20లో మూడవ వంతు రాదు, అదీ పోయింది. 15 తీసుకుంటే 3, 5, తేడా 2కు మూడు రెట్లు 6, మొత్తం 14. మిగిలినది ఒకటి. అంతే, 30ని చూడనక్కరలేదు.

నీటి తొట్టి లెక్క కూడా లీలావతిలో ఉన్నదే. నాలుగు ధారలు విడివిడిగా ఒక తొట్టిని ఒక రోజులో, అర రోజులో, రోజులో మూడవ వంతులో, ఆరవ వంతులో నింపుతాయి. అన్నీ ఒకేసారి వదిలితే ఎంతసేపట్లో నిండుతుంది? కాలాలను కూడితే రెండు రోజులు వస్తాయి. ధారలు ఎక్కువైతే ఆలస్యం అవుతుందా? ఒక్క నాలుగవ ధారే రోజులో ఆరవ వంతులో, అంటే నాలుగు గంటల్లో నింపుతుంది. నాలుగూ కలిసినప్పుడు అంతకంటే తక్కువ సమయమే పట్టాలి. ఇంత మాత్రం ఆలోచిస్తే పెద్ద జవాబులన్నీ చేయి ముట్టకుండానే పోతాయి. కాలాన్ని వదిలి పనిని కూడాలి. ఒక రోజులో మొదటిది ఒక తొట్టి, రెండవది రెండు, మూడవది మూడు, నాలుగవది ఆరు నింపుతాయి. మొత్తం పన్నెండు. కనుక ఒక తొట్టికి రోజులో పన్నెండవ వంతు, భాస్కరుని కాలపు లెక్కలో ఐదు ఘడియలు, మన లెక్కలో రెండు గంటలు.

హెచ్చవేత వంటి చిన్న విషయంలో కూడా ఆయన ఒకే దారి పట్టుకొని కూర్చోలేదు. 135ను 12తో హెచ్చించడానికి ఎన్నో పద్ధతులు చూపాడు. 12ను 8, 4గా విడగొట్టవచ్చు. ముందు 3తో, తరువాత 4తో హెచ్చించవచ్చు. 12కు 8 కలిపి 20తో హెచ్చించి, 2700లో నుండి ఎనిమిది రెట్లు అయిన 1080 తీసివేయవచ్చు. అన్నిటికీ 1620 వస్తుంది. 297 వర్గం కావాలంటే దానికి 3 కలిపితే 300, తీసివేస్తే 294. ఈ రెంటినీ హెచ్చించి 3 వర్గం 9 కలిపితే 88,209. ఒక దారిన చేసి మరొక దారిన సరిచూసుకోవడం ఇందులోని లాభం.

ఇలాంటి ఉపాయాలు చెప్పిన మనిషి చిట్కాల మనిషి అనుకుంటే పొరపాటే. అంకగణితానికంతటికీ మూలం త్రైరాశికమనీ, బీజగణితానికి మూలం నిర్మలమైన బుద్ధి అనీ ఆయన అభిప్రాయం. బీజగణితంలో చక్రవాళం అనే పద్ధతిని ఆయన ఎంత చక్కగా వివరించాడంటే, ఒక వర్గాన్ని 61తో హెచ్చించి 1 కలిపితే మరొక వర్గం కావాలి అన్న చిక్కు ప్రశ్నను కొద్ది మెట్లలోనే విప్పాడు. ఆ సంఖ్యలలో చిన్నది 22,61,53,980, పెద్దది 176,63,19,049. సుమారు ఐదు వందల ఏళ్ళ తరువాత, 1657లో, ఫ్రాన్సు దేశపు ఫెర్మా సరిగ్గా ఇదే 61ని తీసుకొని యూరపు గణితజ్ఞులకు సవాలు విసిరాడు. భాస్కరుని సంగతి ఆయనకు తెలియదు. అయితే సున్నతో భాగించడం గురించి భాస్కరుడు చెప్పినదంతా నేటి గణితం అంగీకరించదు. ఎంత గొప్పవాడైనా తన కాలంలో నిలబడే చూస్తాడు. గోలాధ్యాయంలో భూమి గుండ్రంగా ఉన్నా మనకు బల్లపరుపుగా ఎందుకు కనిపిస్తుందో చెబుతూ, వృత్తపు చుట్టుకొలతలో నూరవ వంతు తిన్నగా కనిపిస్తుంది కదా, భూమి ముందు మనిషి మరీ చిన్నవాడు కదా అని వివరించాడు.

ఆయన రచనలన్నీ సంస్కృతంలో ఉన్నాయి. లెక్కలు పెద్ద భాషలోనే చెప్పాలి, ఇంటి భాషలో కుదరవు అనే మాట ఈనాడూ వింటుంటాము. ఆ మాట నిజం కాదనడానికి తెలుగువారికి పాత సాక్ష్యమే ఉంది. పావులూరి మల్లన, క్రీ.శ. తొమ్మిదవ శతాబ్దపు మహావీరాచార్యుని గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. తెలుగులో గణితానికి అదే తొలి గ్రంథం. రాజరాజ నరేంద్రుని కాలంవాడని సాహిత్య చరిత్రకారులు మల్లనను భాస్కరునికి ముందువాడిగా చెబుతారు. తరువాతి కాలంలో లీలావతి కూడా తెలుగులోకి వచ్చింది. 1816లో బొంబాయిలో టేలర్, మరుసటి ఏడు కోల్‌బ్రూక్ దానిని ఇంగ్లీషులోకి తెచ్చారు. తేనెటీగలు, తామరలు భాష మారినంత మాత్రాన లెక్క తప్పలేదు. నవోదయ పరీక్ష రాసే భాషలలో తెలుగు కూడా ఒకటి అన్న సంగతి కర్ఖేలి పిల్లలు గుర్తుంచుకోవాలి.

భాస్కరుడు సుమారు 1185 ప్రాంతంలో మరణించాడు. కుమారుడు లక్ష్మీధరుడు తండ్రి వద్దనే చదువుకొని శాస్త్రాలలో ఆరితేరాడు. దేవగిరి యాదవరాజు జైత్రపాలుడు అతనిని పాటణ్ నుండి పిలిపించుకొని తన ఆస్థాన పండితులలో ముఖ్యునిగా చేసుకున్నాడు. లక్ష్మీధరుని కుమారుడు చంగదేవుడు సింఘణ మహారాజుకు ఆస్థాన జ్యోతిషికుడు అయ్యాడు. రాజు వద్ద కొలువు దొరికింది, కీర్తి దొరికింది. కాని తాతగారి గ్రంథాలు తాటాకుల మీద ఉన్నాయి. నేర్పేవారు లేకపోతే, తిరిగి రాసేవారు లేకపోతే, చెదలకే మిగులుతాయి. అలా ఎన్ని గ్రంథాలు పోలేదు! చంగదేవుడు పాటణ్‌లో ఒక మఠం స్థాపించాడు. సిద్ధాంత శిరోమణి మొదలైన తాతగారి రచనలను అక్కడ బోధించాలని నియమం పెట్టాడు. ఆ ప్రాంతాన్ని ఏలిన నికుంభ వంశపు సోయిదేవుడు 1207లో దానికి దానం ఇచ్చాడు.

ఈ విషయాలన్నీ ఒక రాతి శాసనంలో చెక్కి ఉన్నాయి. బొంబాయికి చెందిన ప్రసిద్ధ వైద్యుడు, పండితుడు భావు దాజీ 1865లో దానిని లోకానికి తెలియజేశాడు. శాసనం చాలావరకు సంస్కృత శ్లోకాలలో ఉంది. చివరకు వచ్చేసరికి భాష మారి, ఆనాటి మరాఠీ కనబడుతుంది. అక్కడ వంశ కీర్తి లేదు, గ్రహాల ఊసు లేదు. బజారులో అమ్మకానికి వచ్చే ధాన్యంలో మఠానికి ఎంత ఇవ్వాలో, గానుగ ఆడించేవాడు ఎంత నూనె కొలిచి పోయాలో రాసి ఉంది.